మౌస్ ఎవరి చేతిలో ఉండాలి? యూనివర్సిటీ ఉద్యోగులు, విద్యార్థులు జతగా కూర్చుని కంప్యూటర్ పని నేర్చుకునే పద్ధతి

ఎగ్జామినేషన్ బ్రాంచిలో ఏళ్ల తరబడి పనిచేసిన సూపరింటెండెంట్ గారికి ఏ మెమో ఎందుకు ఆగుతుందో, ఏ ఫైలు ఎవరి బల్ల మీదికి వెళ్లాలో నోటికి వచ్చు. ఎక్సెల్‌లో రెండు జాబితాలు పోల్చమంటే మాత్రం ప్రింటు తీసి, స్కేలు పెట్టి, ఎర్ర పెన్నుతో ఒక్కో పేరుకీ టిక్కు కొడతారు. అదే క్యాంపస్‌లో ఎం.కామ్ చదివే అమ్మాయి ఫోనులో వీడియో ఎడిట్ చేసి పెట్టేస్తుంది. కానీ కంప్యూటర్‌లో దించుకున్న ఫైలు ఏ ఫోల్డర్‌లో పడిందో తెలియక మళ్లీ మళ్లీ దించుకుంటుంది. రిజిస్ట్రార్‌కు మెయిల్ పెట్టాల్సి వస్తే సబ్జెక్టు గడి ఖాళీగా వదిలేస్తుంది. ఇద్దరికీ చెరో సగం వచ్చు. ఈ ఇద్దరినీ ఒకే కంప్యూటర్ ముందు ఎలా కూర్చోబెట్టాలో, ఏం చేయించాలో, ఎక్కడ బెడిసికొడుతుందో ఇక్కడ చెబుతున్నాం.

జతలు కలపడం

ఆరు జతలతో మొదలుపెట్టండి, అంతకు మించి వద్దు. సమన్వయం చూసే అధ్యాపకులు మొదటి రెండు వారాల్లో ప్రతి జత పక్కనా ఒక్కసారైనా కూర్చోవాలి. ఇరవై జతలైతే అది జరగదు. వారానికి ఒక గంట, ఎనిమిది వారాలు. భోజనాలయ్యాక, మూడింటి ప్రాంతంలో కౌంటర్ దగ్గర రద్దీ తగ్గే సమయం చూసుకోండి.

ఒకే ఆవరణలో ఉన్నవాళ్లనే జత చేయాలి. హైదరాబాద్‌లో ఉస్మానియా కాలేజీలు ఊరంతా పరుచుకుని ఉన్నాయి. బషీర్‌బాగ్‌లోని నిజాం కాలేజీ విద్యార్థిని గంట పని కోసం మెయిన్ క్యాంపస్‌కు రమ్మంటే సగం రోజు ట్రాఫిక్‌లోనే పోతుంది, మూడో వారానికి రావడం మానేస్తాడు. కోఠి మహిళా విశ్వవిద్యాలయమైనా, గచ్చిబౌలిలోని సెంట్రల్ యూనివర్సిటీ అయినా ఇదే మాట. నెలల విషయానికొస్తే సెమిస్టర్ పరీక్షలు, ఫలితాల రోజులు, దోస్త్ (డిగ్రీ ఆన్‌లైన్) అడ్మిషన్లు నడిచే కాలం, బతుకమ్మ, దసరా సెలవులు తీసేసి మిగిలినవాటిలో ఎనిమిది వారాలు వెతుక్కోండి.

విద్యార్థుల ఎంపికలో కంప్యూటర్ సైన్స్ వాళ్లకే పెద్దపీట వేయనక్కర్లేదు. ఇక్కడ కావాల్సింది నిదానంగా చెప్పగలిగే ఓపిక. అయిదు నిమిషాల్లో తేలిపోయే పరీక్ష ఒకటుంది: రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మాటలతోనే, ఎదుటివాళ్ల చేత మెయిల్‌కు ఒక పీడీఎఫ్ జోడింపజేయమనండి. మధ్యలో చెయ్యి ముందుకు వచ్చేసిందంటే ఆ విద్యార్థికి ఇంకొంత సాధన కావాలి. తెలుగు, కామర్స్, లైబ్రరీ సైన్స్ విద్యార్థులు ఇందులో చక్కగా నెగ్గుతారు.

విద్యార్థి డిపార్టుమెంటు మార్కులు, హాజరు ఏ సెక్షన్ చూస్తుందో ఆ సెక్షన్‌లో ఆ విద్యార్థిని వేయకండి. అనుమానానికి చోటిస్తే మంచి పని కూడా చెడిపోతుంది.

మొదలుపెట్టే ముందు రిజిస్ట్రార్ లేదా ప్రిన్సిపాల్ సంతకంతో ఒక పేజీ ఉత్తర్వు తెచ్చుకోండి. అందులో మూడు విషయాలుండాలి. ఆ గంట ఉద్యోగికి డ్యూటీ కిందికే వస్తుంది. విద్యార్థికి గౌరవ వేతనమో, క్రెడిట్టో ఇస్తారు. అసలు రికార్డులు విద్యార్థి ముందు తెరవరు. సాధన కోసం ఉత్తుత్తి పేర్లతో ముప్పై వరసల ఫైలు ఒకటి తయారు చేసి, అందులో కావాలనే తప్పులు పెట్టండి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. అది రాకముందు నుంచీ కూడా ఒకరి మార్కులు, ఆధార్ నంబరు తోటి విద్యార్థి కంటపడకుండా చూడటం ఆఫీసు బాధ్యతే.

"ఎక్సెల్ వచ్చా?" అని అడగకండి

అలా అడిగితే అందరూ "ఆ, కొంచెం వచ్చు" అంటారు. ఆ జవాబుతో చేసేదేమీ లేదు. మొదటి వారం ఉద్యోగిని ఇలా అడగండి: పోయిన నెలలో ఏ పని వల్ల అయిదు దాటాక కూడా ఉండాల్సొచ్చింది? ఏ పని కోసం బయట డీటీపీ షాపుకు పంపారు? ఏ వివరాలు రిజిస్టర్‌లో ఒకసారి, కంప్యూటర్‌లో ఇంకోసారి ఎక్కిస్తున్నారు? విద్యార్థిని అడగాల్సినవి వేరు: ఫోను లేకుండా కంప్యూటర్ మీదే ఏ పని పూర్తి చేయగలవు? హెచ్‌ఓడీ గారికి చివరిసారి పంపిన మెయిల్ చూపిస్తావా?

జవాబుల్లోంచి ఒక్కో జతకు మూడంటే మూడు పనులు ఎంచుకోండి. ఎనిమిది వారాల్లో మూడు పనులు పూర్తిగా చేతికొస్తే చాలు. యూరోపియన్ కమిషన్ తయారు చేసిన డిజిటల్ నైపుణ్యాల చట్రం డిజ్‌కాంప్ 2.2లో 5 రంగాలు, 21 సామర్థ్యాలు ఉన్నాయి. వాటిని జతల ముందు పెట్టి బెదరగొట్టవద్దు. సమన్వయకర్త మాత్రం తన జాబితా పక్కన పెట్టుకుని ఏ మూల ఖాళీగా ఉందో చూసుకోవచ్చు. వదిలేయకూడనిది భద్రత.

ఆ గంట ఎలా నడవాలి

కంప్యూటర్ ఒకటి, కుర్చీలు రెండు. మౌస్, కీబోర్డు నేర్చుకునేవాళ్ల ముందే ఉండాలి. నేర్పేవాళ్ల కుర్చీ అర అడుగు వెనక్కి వేయండి. చెయ్యి అందకపోతే లాక్కోవడం తగ్గుతుంది.

మొదటి పది నిమిషాలు ఉద్యోగివి. ఈ జాబితా ఎందుకు తయారవుతుంది, ఎవరికి వెళ్తుంది, ఇందులో తప్పు పడితే ఎవరికి ఏం నష్టం అన్నది విద్యార్థికి చెప్పాలి. ఇది మర్యాద కోసం పెట్టింది కాదు. పని అర్థమైతేనే విద్యార్థికి సరైన సాధనం తడుతుంది. పైగా నోట్ ఎలా పెడతారు, ప్రొసీడింగ్స్‌లో ఏ మాట ఎందుకు పడుతుంది అన్నది ఏ క్లాసులోనూ చెప్పరు.

తర్వాతి ముప్పై అయిదు నిమిషాలు పని. విద్యార్థి నోటితోనే దారి చూపాలి. "మేడమ్, పై వరసలో ‘డేటా’ అన్న మాట కనిపిస్తోందా? దాని మీద ఒక్కసారి నొక్కండి" అనాలి. "అక్కడ క్లిక్ చేయండి" అంటే ఆ అక్కడ ఎక్కడో చెప్పేవాడికే తెలుసు. "సింపుల్ సార్", "ఇంతే సార్" అన్న మాటలు పూర్తిగా మానేయాలి. అవి విన్న మనిషి రెండోసారి అడగడానికి మొహమాటపడతారు.

ఉద్యోగి వైపు నుంచి వచ్చే ప్రమాదకరమైన మాట ఒకటుంది: "నువ్వే చేసెయ్ బాబూ, నేను చూస్తుంటా." దీనికి ఒప్పుకున్న రోజే విద్యార్థి జీతం లేని ఆపరేటర్ అయిపోతాడు. "మీరు చెయ్యండి సార్, నేను పక్కనే ఉన్నా" అనడం ముందే నేర్పి పంపండి.

ఇంకో పది నిమిషాలు అదే పని మొదటి నుంచి, ఉద్యోగి ఒక్కరే. విద్యార్థి నోరు విప్పకూడదు, ఆగిన చోటు కాగితం మీద గుర్తు పెట్టుకోవాలి. చివరి అయిదు నిమిషాలు పని చీటీకి. దాని సంగతి కిందకొస్తుంది.

ఈ నడకలో చిన్నవిగా కనిపించే ఏర్పాట్లే పనికొస్తాయి. కళ్లద్దాలు వాడేవాళ్లకు తెరను 125 లేదా 150 శాతానికి పెంచండి. డబుల్ క్లిక్ పడకపోతే మౌస్ సెట్టింగ్స్‌లో ఆ వేగం తగ్గించండి. చాలామంది ఏళ్లుగా "నాకు చేతకాదు" అనుకున్నది ఈ ఒక్క సెట్టింగే. అన్నిటికంటే ముందు కంట్రోల్, జెడ్ కలిపి నొక్కితే చేసిన పని వెనక్కి వెళ్తుందని నేర్పండి. చెరిపేస్తానేమో అన్న భయం పోతేనే చెయ్యి కదులుతుంది.

ఎక్సెల్: ఎక్కువ నష్టం ఇక్కడే

హాల్‌టికెట్ నంబరుతో మొదలుపెట్టండి. పన్నెండు అంకెల నంబరు మామూలు గడిలో కొడితే ఎక్సెల్ దాన్ని 1.05ఈ+11 లాంటి రూపంలోకి కుదించి చూపిస్తుంది. పదకొండు అంకెలు దాటితే ఇలా చేయడం దాని అలవాటు. నంబరు లోపల భద్రంగానే ఉంటుంది, గడి మీద నొక్కితే పైన పట్టీలో కనిపిస్తుంది. అసలు ముప్పు ఆ ఫైలును అలాగే సీఎస్‌వీగా (కామాలతో విడదీసిన సాదా అక్షరాల ఫైలుగా) సేవ్ చేసినప్పుడు. తెర మీద కనిపించిన కుదింపు రూపమే ఫైలులోకి పోతుంది, మిగిలిన అంకెలు తిరిగి రావు. బ్యాంకు ఖాతా నంబర్లకు ఇంకో రెండు గండాలున్నాయి: ముందున్న సున్నాలు రాలిపోతాయి, 15 అంకెలు దాటితే పదహారో అంకె నుంచి సున్నాలైపోతాయి.

మందు ఒకటే, కానీ ముందే వేయాలి. నంబర్లు ఎక్కించకముందే కాలమ్ మొత్తాన్ని ఎంచుకుని, ఫార్మాట్‌ను ‘టెక్స్ట్’కు మార్చండి. ఎక్కించాక మారిస్తే పోయిన సున్నాలు రావు. సీఎస్‌వీ ఫైలు వస్తే దాని మీద డబుల్ క్లిక్ చేసి తెరవకండి. ఖాళీ ఎక్సెల్ తెరిచి, డేటా మెనూలోంచి ఆ ఫైలును తెప్పించుకుని, నంబర్ల కాలమ్‌ను టెక్స్ట్‌గా ఎంచుకోండి. తెలుగు పేర్లున్న జాబితాను సీఎస్‌వీగా పంపాలంటే సేవ్ చేసేటప్పుడు ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ రకాన్ని ఎంచుకోవాలి. లేదంటే అవతలివాళ్లకు పేర్లన్నీ ప్రశ్నార్థకాలుగా కనిపిస్తాయి.

రెండు జాబితాలు పోల్చేటప్పుడు పేర్లతో పోల్చే ఆలోచనే వద్దు. మన ఊళ్లో ఒకే అబ్బాయి పదో తరగతి మెమోలో మహమ్మద్, ఆధార్‌లో ఎండీ. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరం. హాల్‌టికెట్ నంబరుతోనే పోల్చాలి. నంబరును బట్టి రెండో జాబితాలోంచి వివరాలు తెచ్చే వీలుకప్ (VLOOKUP) సూత్రంలో నాలుగో స్థానంలో ‘ఫాల్స్’ తప్పకుండా రాయించండి. వదిలేస్తే దగ్గరి నంబరును పట్టుకుని వేరేవాళ్ల వివరాలు తెచ్చి పెడుతుంది, తప్పని హెచ్చరించదు కూడా. నంబరు కళ్లెదుట ఉన్నా దొరకలేదని వస్తే రెండే కారణాలు వెతకండి: ఒక జాబితాలో అది అంకెగా, రెండో దానిలో టెక్స్ట్‌గా ఉండటం, లేదా నంబరు చివర కంటికి కనిపించని ఖాళీ ఉండటం. అంకెలు కుడి అంచుకు, టెక్స్ట్ ఎడమ అంచుకు అతుక్కుంటాయి కాబట్టి మొదటిది చూడగానే తెలుస్తుంది. రెండోదానికి ‘ట్రిమ్’ సూత్రం ఉంది.

తేదీలూ అంతే. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే 05/08/2025 అని మనం ఆగస్టు అయిదు కొడితే అది మే ఎనిమిదిగా తీసుకుంటుంది. 25/08/2025ను తేదీగా ఒప్పుకోక టెక్స్ట్‌గా వదిలేస్తుంది. ఒకే కాలమ్‌లో కొన్ని తేదీలు కుడికి, కొన్ని ఎడమకు జరిగి ఉన్నాయంటే ఈ రోగం ఉన్నట్టే. విండోస్ రీజియన్ సెట్టింగ్‌ను ఇంగ్లిష్, ఇండియాకు మార్చి, మారిన తేదీలను రిజిస్టర్‌తో పోల్చి మళ్లీ ఎక్కించాలి.

ఒక్క కాలమ్‌నే ఎంచుకుని వరస మార్చడం (సార్ట్ చేయడం) అన్నిటికన్నా ఘోరం. మార్కులు మాత్రమే కదిలి, పేర్లు ఉన్నచోటే ఉండిపోతాయి. ఒకరి మార్కులు ఒకరికి పడతాయి. జాబితా చూడటానికి చక్కగానే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టుకోలేరు. అందుకే జాబితాలో ఏ గడి మీదైనా ఉండి కంట్రోల్, టీ నొక్కి దాన్ని పట్టికగా మార్చేయండి, అప్పుడు వరసలు విడిపోవు. పట్టికగా మార్చే ముందు కలిపేసిన గడులుంటే విడదీయాలి. వరస మార్చే ముందు మొదటి కాలమ్‌లో క్రమసంఖ్య వేయించండి. మార్చాక ఏవైనా అయిదు పేర్లు తీసుకుని అసలు కాగితంతో సరిచూడాలి. ఈ సరిచూడటంలో విద్యార్థులు వెనకబడతారు, ఉద్యోగులు ఆరితేరి ఉంటారు. ఈ ఒక్క అలవాటు విద్యార్థికి అబ్బినా ఎనిమిది వారాలకు విలువ వచ్చినట్టే.

తెలుగు సర్క్యులర్ అందరికీ కనిపించాలంటే

ఇక్కడ నుంచి పంపిన తెలుగు సర్క్యులర్ అక్కడ ఇంగ్లిష్ అక్షరాల ముద్దలా తెరుచుకోవడానికి కారణం ఫాంటు. అను లాంటి పాత ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల సంకేతాలకే తెలుగు బొమ్మలు తగిలించాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో బొమ్మ పోయి, కింద ఉన్న ఇంగ్లిష్ అక్షరం బయటపడుతుంది. ప్రతి భాష అక్షరానికీ వేరే సంకేతమిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ దాకా సొంత స్థానాలున్నాయి, ‘క’ ఎక్కడైనా ‘క’గానే ఉంటుంది.

విండోస్ 10, 11లలో సెట్టింగ్స్‌కు వెళ్లి భాషల జాబితాలో తెలుగు చేర్చండి. కీబోర్డుల్లో ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక అమరిక), ఫొనెటిక్ (ఉచ్చారణను బట్టి ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టేది) రెండూ దొరుకుతాయి. విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే ఇంగ్లిష్, తెలుగు మారుతుంటాయి. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇన్‌స్క్రిప్ట్ మేలు. గుణింతం గుర్తులు చాలావరకు ఎడమ చేతికి, హల్లులు ఎక్కువగా కుడి చేతికి వస్తాయి. ‘పత్రం’ కొట్టాలంటే హెచ్, ఎల్, డీ, జే, ఎక్స్: ప, త, పొల్లు, ర, సున్నా. వత్తు కావాలంటే మధ్యలో డీ మీట. ఇది అర్థమైతే సగం టైపింగు వచ్చినట్టే. ఆపిల్ అనే పాత తెలుగు కీబోర్డు అమరిక మీద వేగంగా కొట్టే సీనియర్ టైపిస్టును మాత్రం ఇన్‌స్క్రిప్ట్‌కు మారమని పట్టుబట్టకండి. ఆ అమరికతోనే యూనికోడ్ టైపు చేయించే ఉపకరణాలున్నాయి, అది పెట్టివ్వండి. వేళ్లకున్న ఇరవై ఏళ్ల అలవాటు ఆస్తి లాంటిది.

పాత ఫైళ్లను కన్వర్టర్‌తో మార్చేటప్పుడు మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాటలు అర్థంలేని తెలుగుగా మారిపోతాయి. రెండింటికీ సంకేతాలు ఒకటే కాబట్టి కన్వర్టర్‌కు తేడా తెలియదు. ఇంగ్లిష్ ముక్కలను ముందే పక్కకు తీసి, తెలుగు భాగాన్నే మార్చి, తర్వాత అతికించండి. వత్తులు, జీవో నంబర్లు, తేదీలు ఒక్కొక్కటీ చదివి దిద్దాలి. విద్యార్థి పైకి చదువుతుంటే ఉద్యోగి పాత కాగితంతో పోల్చడం మంచి పద్ధతి. ఇంకో సూక్ష్మం: ‘సాఫ్ట్‌వేర్’ అని విడిగా కనిపించాలంటే మధ్యలో కనిపించని ఒక గుర్తు పడాలి, లేకపోతే ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. ఒకరు గుర్తుతో, ఒకరు గుర్తు లేకుండా కొడితే వెతుకులాటలో ఒకటి దొరికి ఇంకోటి దొరకదు. సెక్షన్ అంతా ఒకే పద్ధతికి కట్టుబడాలి.

సర్క్యులర్‌ను ప్రింటు తీసి, సంతకం చేసి, ఫోనుతో ఫోటో కొట్టి వాట్సాప్‌లో పెట్టడం అలవాటైపోయింది. చూపులేని విద్యార్థి వాడే, తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్‌కు అదొక బొమ్మ మాత్రమే. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ తెలుగు కూడా చదువుతుంది, కానీ దానికి అక్షరాలు కావాలి. సంతకం ఉన్న స్కాన్‌తో పాటు అదే పాఠాన్ని మెయిల్‌లో అక్షరాలుగా పెట్టండి. పీడీఎఫ్ ఒక్కటే చాలదు. తెలుగు పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే వత్తులు చెదిరిపోవడం మామూలే.

ఫారాలు, లింకులు, పాస్‌వర్డ్‌లు

గూగుల్ ఫారం తయారు చేయడం విద్యార్థికి అయిదు నిమిషాల పని. అందుకే అతని సొంత జీమెయిల్‌తోనే చేసేస్తాడు. ఆ అబ్బాయి పాసై వెళ్లిపోయాక రెండొందల మంది వివరాలు అతని ఖాతాలో మిగిలిపోతాయి, ఆఫీసుకు తాళం ఉండదు. ఫారం ఎప్పుడూ సెక్షన్ మెయిల్ ఐడీతోనే మొదలవ్వాలి. జవాబుల షీటు ‘లింకు ఉన్న ఎవరైనా దిద్దవచ్చు’ అన్న స్థితిలో ఉండకూడదు. ఎక్కువమందికి మెయిల్ పంపేటప్పుడు చిరునామాలు ఒకరివి ఇంకొకరికి కనిపించని బీసీసీ గడిలో పెట్టించండి.

పాస్‌వర్డ్ ఉద్యోగే కొట్టాలి, విద్యార్థి అప్పుడు ముఖం తిప్పుకోవాలి. ఇది మొదటి రోజే, ఇద్దరి ముందూ చెప్పాల్సిన నియమం. సెక్షన్ మెయిల్‌కు రెండంచెల ధృవీకరణ పెట్టించండి, ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో రాసి ఉంచండి. ఆ మనిషి బదిలీ అయిన రోజే ఆ నంబరు మారాలి. స్కాలర్‌షిప్ పడుతుంది, యూపీఐ పిన్ కొట్టండి అని వచ్చే లింకుల గురించి ఇద్దరికీ చెప్పండి: డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఏఐ చాట్‌బాట్‌తో ఉత్తరాల ముసాయిదా రాయించుకోవచ్చు. విద్యార్థుల పేర్లు, నంబర్లు అందులో వేయకూడదు. అది రాసిచ్చిన జీవో నంబరు, తేదీ ఏదైనా ఫైలు తీసి చూసే దాకా నమ్మకూడదు. ఈ విషయంలో సీనియర్ ఉద్యోగి కన్ను విద్యార్థి కంటే చురుకు.

పని చీటీ

ప్రతి పనికీ అర పేజీ చీటీ. పైన ప్రశ్న: "హాల్‌టికెట్ నంబర్లు చెడకుండా జాబితా ఎలా ఎక్కించాలి?" కింద పది మెట్లకు మించకుండా, ఒక్కో మెట్టుకు ఒక్క పని. బటన్ల పేర్లు తెర మీద ఎలా ఉన్నాయో అలాగే రాయాలి, అనువదిస్తే వెతుక్కోలేరు. చివర "ఇక్కడ తప్పు పడుతుంది" అని రెండు వరసలు, కింద రాసిన తేదీ. రాసేది ఉద్యోగి, తన మాటల్లో. విద్యార్థి రాస్తే మనకు అలవాటు లేని మాటలు చేరిపోతాయి. ఉర్దూ చదివే సిబ్బంది ఉన్న సెక్షన్లలో ఉర్దూ చీటీ కూడా ఉండాలి. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన విశ్వవిద్యాలయం. ఈ ఊళ్లో అది అదనపు సౌకర్యం అనిపించుకోదు.

చీటీ సరిగా ఉందో లేదో తేల్చేది మూడో మనిషి. ఆ గంటలో లేని ఉద్యోగికి చీటీ ఇచ్చి, ఏమీ చెప్పకుండా పని చేయమనండి. ఆగిన చోట మెట్టు తిరగరాయండి. నెగ్గిన చీటీ ఒకటి సెక్షన్ షేర్డ్ ఫోల్డర్‌లోకి, ఒకటి ప్రింటు తీసి మానిటర్ పక్కకు.

ఎనిమిదో వారం

మొదటి వారం చేయించిన పనినే మళ్లీ, సాయం లేకుండా చేయించండి. ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్నిసార్లు అడగాల్సొచ్చింది, ఎన్ని తప్పులు పడ్డాయి అన్న మూడు అంకెలు రాసుకుంటే చాలు. విద్యార్థికి కూడా పరీక్ష ఉంటుంది: సబ్జెక్టు, జోడింపు, సరైన సంబోధనతో ఒక అధికారిక మెయిల్, సరిచూసి ఇచ్చిన ముప్పై వరసల జాబితా. నిమిషాలు తగ్గకపోయినా తప్పులు తగ్గితే ఆ జత నెగ్గినట్టే లెక్క.

అదే రోజు విద్యార్థికి ఇచ్చిన ప్రతి అనుమతీ తీసేయండి: షేర్డ్ ఫోల్డర్, ఫారం, గ్రూప్ మెయిల్. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డ్‌లు చెరిపేయండి. తర్వాత రాబోయే విద్యార్థితో ఒక గంట కూర్చుని చీటీలన్నీ చూపించమని పాత విద్యార్థికి చెప్పండి. అప్పుడు కూడా మౌస్ కొత్తగా వచ్చినవాళ్ల చేతిలోనే.